బావినీరు - రసాయన పరీక్ష

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా గద్వాల ప్రాంతమును నడిగడ్డ యని పిలుచుట వాడుక. ఇరువైపుల రెండు మహానదులు పారుచుండగా నడుమ నివసించువారికి నీటిచింత యేల యని మీకు తోచవచ్చును. కాని నది లోతున పారును. ఊరు మిట్టమీద నుండును. నదియొడ్డు గ్రామములను విడిచినచో, తరతరములుగా మావారు త్రాగినది బావినీరే. కృష్ణకు ఆవలి యొడ్డున నున్న వనపర్తి సీమలోను, తూర్పున నల్లమల యడవులను తాకు నాగర్‌కర్నూలు సీమలోను ఇదే స్థితి. ఈ మూడును పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలోని భాగములు. 2016 అక్టోబరు 11వ తేదీన వేర్వేరు జిల్లాలైనవి. గద్వాల కోటకును, వనపర్తి సంస్థానమునకును చరిత్ర యున్నట్లే మా బావినీటికిని ఒక చరిత్ర యున్నది. దానిని వ్రాసినవారు ఆస్థానకవులు గారు. వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు. నేటి నా ప్రసంగము ఆ చరిత్రను గూర్చినది.

మా పెద్దలు నీటిని పరీక్షింపకయే త్రాగిరని తలపరాదు. నోటికి తియ్యగా నున్నది మంచినీరు, కటువుగా నున్నది ఉప్పునీరు. ఇది మొదటి పరీక్ష. కందిపప్పు త్వరగా మెత్తబడినచో మంచినీరు. ఎంత మంట పెట్టినను పలుకు మిగిలినచో పనికిరాని నీరు. ఇది రెండవ పరీక్ష. బావుల పేర్లును, ఇంటి కోడండ్రు బిందెలతో నడచు త్రోవలును ఈ పరీక్షలనుబట్టియే ఏర్పడెను. మా యూరిలో అట్టివి రెండు బావులుండెను. దాపున నున్నది పప్పుడకని బావి. దూరమున నున్నది తీపిబావి. నా బాల్యమున మా యమ్మ తెల్లవారకముందే లేచి ఆ దూరపు బావికే పోయెడిది. దగ్గరి నీటితో వంట చేయుట పిల్లలకు అపకారమని ఆమె నమ్మకము.

కొన్ని యేండ్లకు నేను రసాయనశాస్త్రము చదివి, దానినే బోధించు వృత్తిలో ప్రవేశించి, ఒక వేసవిలో ఆ రెండు బావుల నీటిని సీసాలలో పట్టుకొనిపోయి పరీక్షించితిని. పప్పుడకని బావిలో ఫ్లోరైడు హద్దులోపలనే యుండెను. తీపిబావిలో హద్దు దాటియుండెను. నమ్మలేక మరల మరల చేసితిని, ఫలితము మారలేదు. ఈ సంగతి ఊరిలో చెప్పినప్పుడు మా వీధి ముసలమ్మ యొకతె గారపట్టిన తన మనుమని పండ్లవైపు చూచి, “ఇన్నేండ్లు పప్పును నమ్ముకుంటిమి గాని పండ్లను చూసుకోకపోతిమి, బిడ్డా!” అనెను. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. పెద్దల పరీక్ష ఏల తలక్రిందులయ్యెనో మాత్రము శాస్త్రము చెప్పగలదు. దానిని మీకు మనవి చేసెదను.

మన నేల గ్రానైటు రాతినేల. ఆ రాతిలో నల్ల అభ్రకము, అపటైటు మున్నగు ఖనిజములు కలవు. వానియందు ఫ్లోరిన్ అను మూలకము ఇమిడియున్నది. వాననీరు రాతి పగుళ్ళలో చాలకాలము నిలిచినప్పుడు ఆ ఖనిజములు కొంచెము కొంచెముగా కరగి, ఫ్లోరైడు రూపమున నీటిలో చేరును. నీటిలో కాల్షియము, అనగా సున్నపుపాలు, సమృద్ధిగా నున్నచో అది ఫ్లోరైడును పట్టుకొని కరగని పదార్థముగా మార్చి అడుగునకు దింపును. కాల్షియము తక్కువై, సోడాక్షారము ఎక్కువైనచో ఫ్లోరైడు నీటిలోనే నిలుచును. ఇక వంటయింటికి రండు. పప్పును ఉడుకనీయనిది ఏది? ఆ కాల్షియమును, దాని తోడిదగు మెగ్నీషియమును. పప్పును త్వరగా మెత్తబరచునది ఏది? సోడాక్షారము. కనుక పప్పు మెచ్చుకొన్న నీటిలోనే ఫ్లోరైడు దాగియుండుటకు అవకాశ మెక్కువ. ప్రతి తియ్యని బావియు దోషి యని కాదు. ప్రతి కటువు బావియు నిర్దోషి యని కాదు. నాలుకయు, పప్పును ఈ విషయమున సాక్ష్యము చెప్పజాలవని మాత్రమే నా మనవి.

ఒక వస్తువులో ఏమున్నది, ఎంత యున్నది యను రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పు శాస్త్రభాగమునకు విశ్లేషణ రసాయనశాస్త్ర మని పేరు. ఇందు రెండవ ప్రశ్న మొదటిదానికంటె ముఖ్యమైనది. ఫ్లోరైడు ఇంచుమించు ప్రతి నీటిలోను ఏ కొంచెమో యుండును. మన దేశపు ప్రమాణముల ప్రకారము లీటరునకు ఒక మిల్లీగ్రాము వరకు నీరు త్రాగదగినది. వేరొక నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు సహింపవచ్చును. ఒక మిల్లీగ్రాము అనగా ఎంత? పది లీటర్ల బిందెలు నూరు వరుసగా పేర్చినచో, ఆ నూరు బిందెలలోను కలిసి యుండునది ఒక్క గ్రాము. ఇంత స్వల్పమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాని హద్దు మీరిన నీటిని బాల్యమున త్రాగినచో, చిగుళ్ళలోపల రూపొందుచున్న దంతములపై తెల్లని, గోధుమవన్నె మచ్చలు నిలిచిపోవును. మరింత హెచ్చుగానున్న నీటిని యేండ్లతరబడి త్రాగినచో ఎముకలు చిక్కబడి, కీళ్ళ కట్లు బిగిసి, వెన్ను వంగక, నడక సాగక మనుష్యుడు మంచమునకు అంటుకొనును. ఒకసారి బిగిసిన వెన్నును మరల వదులు చేయు మందు లేదు. ఉపాయమంతయు ముందుగా తెలిసికొనుటయందే యున్నది.

ఈ సంగతి లోకమునకు తెలిసిన విధము విచిత్రమైనది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు 1901లో ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు వచ్చెను. అచట పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమ మచ్చలను చూచి, కారణము నీటియందే యున్నదని యేండ్లకొలది వెదకి నిశ్చయించుకొనెను. ఐడహో రాష్ట్రములోని ఓక్లీ అను ఊరివారు ఆయన సలహాపై నీటి యూటను మార్చుకొనగా, ఆ పిమ్మట పెరిగిన పిల్లల పండ్లు తెల్లగా వచ్చినవి. నేరస్థానము తెలిసినది, నేరస్థుడు మాత్రము తెలియలేదు. అంతవరకు జరిగిన నీటి పరీక్షలలో ఉప్పు, సున్నము, ఇనుము వంటి పరిచితములనే వెదకిరి. అట్టివానిలో దోషము కనబడలేదు. 1931లో అల్యూమినియము సంఘమున పనిచేయు చర్చిల్ అను రసాయనజ్ఞుడు, బాక్సైటు అను ఊరి నీటిని వర్ణపటదర్శినితో పరీక్షింపించి, అరుదైన మూలకములనుగూడ వెదకించెను. లీటరునకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడు బయటపడెను. ముప్పదియేండ్ల ప్రశ్నకు అట్లు సమాధానము లభించెను.

ఈ వార్త మన దేశమునకు రా నెంతోకాలము పట్టలేదు. 1934లో మహాజన్ అను నతడు హైదరాబాదు రాజ్యమునందలి కొన్ని భాగములలో పశువులకు వచ్చుచున్న యొక వింత వ్యాధిని వర్ణించెను. 1937లో గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్, మద్రాసు వైద్యులగు మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ గారలతో కలిసి, నెల్లూరు జిల్లా రోగులలో ఫ్లోరైడు విషవ్యాధిని గుర్తించి ప్రకటించిరి. దర్శి, పొదిలి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివే. వెన్ను బిగిసినవారి ఎక్స్‌రే చిత్రము లొకవైపు, వారు త్రాగు నీటి పరీక్షాఫలితము లొకవైపు పెట్టి చూచినప్పుడు రహస్యము విడిపోయెను. 1940లో సి. జి. పండిట్, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి గారలు దక్షిణదేశమున ఈ వ్యాధిని మరింత విపులముగా పరిశీలించిరి. మానవులలో ఈ వ్యాధిని గూర్చి మన దేశమున తొలి అధ్యాయము తెలుగువారి దేహములమీదనే వ్రాయబడినదన్నమాట.

అంత స్వల్పమును ఆ దినములలో ఎట్లు కొలిచిరి? ఇచట మన అద్దకమువారిని స్మరింపవలెను. కోస్తా తీరమున అద్దకపు బట్టలకు చిరువేరునుండి ఎరుపు తీయుచుండిరి. ఆ వేరులోని రంగుపదార్థమునకు అలిజరిన్ అని పేరు. పటిక పట్టించిన బట్టకే ఆ యెరుపు గట్టిగా అంటును. పటికలోని లోహము రంగును పట్టుకొనును. ఈ సంగతి అద్దకమువారికి తరతరములుగా తెలియును. 1868లో జర్మనీ రసాయనజ్ఞులు ఈ అలిజరిన్‌ను ప్రయోగశాలలోనే తయారుచేసిరి. పటికకు బదులు జిర్కోనియము అను లోహపు లవణమును అలిజరిన్‌తో కలిపినచో ఒక యెఱ్ఱని ద్రావణము కలుగును. అందు ఫ్లోరైడుగల నీటిని పోసినచో, ఫ్లోరైడు ఆ లోహమును రంగునొద్దనుండి లాగికొనును. ఎరుపు వెలిసి పసుపువైపు తిరుగును. ఎంత వెలిసినదో తెలిసిన మాదిరులతో పోల్చి చూచి, ఎంత ఫ్లోరైడున్నదో చెప్పవచ్చును. గద్వాల చీరెల రంగును కంటితో తూచు నేర్పు మా సీమకు క్రొత్తది కాదు. అట్టి చూపే, తెలిసిన మాదిరితో సరిపోల్చి అంకెగా మార్చినప్పుడు, ప్రాణరక్షకమైనది.

కాలక్రమమున సాధనములు మెరుగైనవి. 1966లో ఫ్రాంట్, రాస్ అను నిరువురు లాంథనము ఫ్లోరైడు స్ఫటికముతో ఒక విద్యుత్కడ్డీని నిర్మించిరి. దానిని నీటిలో ముంచినచో ఫ్లోరైడు ఎంత యున్నదో విద్యుత్పీడనము రూపమున కొన్ని నిముషములలో తెలియును. నేను బావుల నీటిని పరీక్షించినదియు అట్టి కడ్డీతోనే.

ఈ పరీక్షవలన సంఘమునకు కలిగిన మేలు ఆరోగ్యముతోనే ముగియలేదు. కారణము తెలియనంతకాలము మన పల్లెలలో పండ్ల గారకును, వంగని వెన్నునకును వేరువేరు కథలుండెను. పూర్వజన్మ పాపమనువారు కొందరు, వంశదోషమనువారు కొందరు. ఆ యూరి పిల్లను చేసికొనరాదని వెనుకకు మరలిన పెండ్లివారిని నేనెరుగుదును. అంకె వచ్చిన పిమ్మట నేరము మనుష్యునిమీదనుండి బావిమీదికి మారెను. వంశము మార్చుకొనుట ఎవరితరము కాదు, బావి మార్చుకొనవచ్చును. రసాయనశాస్త్రము మన సంఘమునకు చేసిన ఉపకారములలో దీనిని నేను చిన్నదిగా ఎంచను.

నాగర్‌కర్నూలునకు పొరుగుననున్న నల్లగొండ జిల్లా ఈ చరిత్రలో పెద్ద అధ్యాయము. 1955లో సిద్దీఖీ అను వైద్యుడు అచటి రోగులనుగూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు ఫ్లోరైడు సీమలలో మోకాళ్ళు లోపలికి వంగిన యువజనులనుగూర్చి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. 1975 ప్రాంతమున నాగపూరులోని జాతీయ పరిసర సాంకేతిక పరిశోధన సంస్థవారు నీటినుండి ఫ్లోరైడును తీయుటకు ఒక సులభమార్గమును వెల్లడించి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరు పెట్టిరి. నీటిలో సున్నము, పటిక, క్రిములను చంపుటకు బ్లీచింగు పొడి వేసి, కలియబెట్టి, తేరనిచ్చి, వడపోయవలెను. అద్దకములో రంగును పట్టిన పటికయే ఇచట ఫ్లోరైడును పట్టును. పద్ధతి చౌకయైనదే, కాని ప్రతి నీటికి పటిక మోతాదు వేరు. తక్కువైనచో ఫ్లోరైడు మిగులును. ఎక్కువైనచో పటికయందలి అల్యూమినియము నీటిలో మిగులును. కావున మందు వేయుటకు ముందును, వేసిన పిమ్మటను కొలత తప్పదు. కొలుచువాడు లేని చోట ఈ యంత్రములు కొలదికాలములోనే మూలబడినవి.

ఇచట చరిత్ర చూపిన యొక వ్యంగ్యమును చెప్పక తీరదు. దిగుడుబావులలో దిగి నీళ్ళు ముంచు కాలమున రాయలసీమ, తెలంగాణములను నారికురుపు బాధించెడిది. నీటిలోని కంటికానరాని పురుగులతో కూడ నారిపురుగు పిల్ల కడుపులోనికి పోయి, యేడాదికి పొడవైన త్రాడువలె కాలిలోనుండి వెడలివచ్చెడిది. దిగుడుబావులను మాన్పించి, గుడ్డతో వడగట్టుట నేర్పి, గొట్టపుబావులు త్రవ్వించి ఆ వ్యాధిని పోరాడి తరిమిరి. దేశమున తుది రోగి 1996లో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశము దానినుండి విముక్తమైనదని ధ్రువపరచెను. ఇది మహావిజయము. కాని ఆ గొట్టపుబావులు రాతి లోతులకు దిగి, యేండ్లకొలది రాతిని అంటియున్న నీటిని పైకి తెచ్చినవి. కొన్ని చోట్ల పురుగు పోయెను, ఫ్లోరైడు వచ్చెను. గొట్టపుబావి వేయుట తప్పుగాదు. వేసి, నీటిని కొలువకుండుట తప్పు.

కొలిచినవాడు తప్పు చేయడా యని మీరడుగవచ్చును. చేయును, నేనే చేసితిని. వనపర్తి దాపున ఒక పల్లెవారు క్రొత్తగా వేసిన గొట్టపుబావి నీటిని పరీక్షింపుమని నన్ను కోరిరి. అప్పుడే వానలు కురిసియుండెను. ఒక్క సీసా పట్టితిని. ఫ్లోరైడు హద్దులోపల నున్నది. నిర్భయముగా త్రాగుడని చెప్పితిని. మరుసటి వేసవిలో వేరొక పనిమీద పోయి, ఊరకుండలేక మరల ఒక సీసా పట్టగా అంకె హద్దు దాటెను. వాననీరు కలిసి పలుచబడిన నీటిని చూచి నేను యేడాదికంతకు తీర్పు చెప్పితిని. సాధనము అబద్ధమాడలేదు; దానిని ప్రశ్న అడిగినవాడు తొందరపడెను. ఆ పల్లె పెద్దయెదుట నిలిచి నా తప్పు నొప్పుకొన్నప్పుడు ఆయన కోపింపలేదు. “అయితే ఇకమీదట వానకాలమొకసారి, ఎండకాలమొకసారి రండి, సారూ” అని మాత్రము చెప్పెను. శాస్త్రగ్రంథములలో నేను చదివిన నియమమునే ఆయన తన మాటలలో చెప్పెను. అప్పటినుండి ఒక్క సీసాతో ఏ బావికిని తీర్పు చెప్పలేదు.

ఇప్పుడు కాలము మారినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకమున కృష్ణానీరు గొట్టములద్వారా మా మూడు జిల్లాల పల్లెలకును చేరెను. జూరాల జలాశయమునుండి ఒకవైపు, శ్రీశైలము వెనుకనీటినుండి కొల్లాపురము దాపున ఎల్లూరువద్ద మరియొకవైపు ఆ నీటిని ఎత్తి, శుద్ధిచేసి పంపుచున్నారు. రాతి లోతులలో నిలువని నదినీటిలో ఫ్లోరైడు బాధ తక్కువ. లోతున పారు నది మిట్టమీది ఊరికి ఎక్కివచ్చినది. దూరపు బావికి నడచిన మా యమ్మ దీనిని చూడలేదు.

అయినను పరీక్షాశాలకు తాళము వేయు దినము రాలేదు. గొట్టము పగిలిన దినమున, మోటారు నిలిచిన వారమున, చేలలో కూలికి పోయిన చోట, జనులు మరల గొట్టపుబావి నీటినే త్రాగుదురు. అంగడిలో డబ్బాలతో అమ్ము నీటిని శుద్ధమని నమ్మి కొనుచున్నారు. తియ్యగా నున్నదనుటయే ఆ నమ్మకమునకు ఆధారము. ఇది మా పెద్దల నాలుకపరీక్ష మరల తలయెత్తుట. పొలములలో వేయు రసాయనిక యెరువులనుండి నత్రజని లవణములు బావులలోనికి దిగవచ్చును. వానికిని రంగు లేదు, రుచి లేదు. 2019లో ప్రకటింపబడిన జలజీవన పథకమున గ్రామస్త్రీలకు నీటిని పరీక్షించు పేటికలను వాడుట నేర్పు ఏర్పాటు చేర్చబడినది. అట్టి పేటికలలో ఫ్లోరైడునకు వాడునది నేటికిని జిర్కోనియమును ఒక రంగును కలిపిన ద్రావణమే. నీటిని పోయగా ఎరుపు పసుపువైపు తిరుగును. ఏ బావికి పోవలెనో నిర్ణయించు భారమును తరతరములుగా మోసిన స్త్రీల చేతికే ఆ పరీక్ష వచ్చుట ఎంతయు న్యాయము.

శ్రోతలారా! మీ యూరి బావి మంచిదా యని ఎవరైన అడిగినచో, తియ్యనిదనియో, పప్పుడుకుననియో చెప్పి ఊరకుండవద్దు. అందు ఫ్లోరైడు ఎంత, కొలిచినది ఏ నెలలో, మరల కొలుచునది ఎప్పుడు అను మూడు మాటలు అడుగుడు. సమాధానము లేనిచో సీసా పట్టి పంపుడు. వచ్చిన అంకెను పంచాయతీ గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించుడు. చదువురానివారికి చదివి వినిపింపుడు. మా వీధి ముసలమ్మకు ఆనాడు చెప్పలేకపోయిన ప్రత్యుత్తరము నాకు తోచినంతవరకు ఇదియే. ఆమె మనుమని పండ్లమీది మచ్చ పోదు. వాని బిడ్డల పండ్లకు మచ్చ రాకుండ చూచుట మన చేతిలోనున్నది.